బడి కంప్యూటరులో ఆట ఆగినప్పుడు

1971 డిసెంబరులో మినియాపోలిస్ నగరంలోని ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతి విద్యార్థులు చరిత్ర పాఠాన్ని కొత్త పద్ధతిలో నేర్చుకున్నారు. వారి ఎదుట ఉన్నది తెర కాదు. కాగితపు చుట్టమీద అక్షరాలను టకటక కొట్టే టెలిటైపు యంత్రం. దూరాన ఉన్న కంప్యూటరుతో టెలిఫోను తీగ దానిని కలిపేది. 19వ శతాబ్దంలో ఎడ్లబండ్లమీద పశ్చిమానికి వలసపోయిన కుటుంబాల ప్రయాణాన్ని పిల్లలు ఆ యంత్రంమీద ఆడారు. వేట ఘట్టంలో "బ్యాంగ్" అన్న మాటను ఎంత త్వరగా టైపు చేస్తే గురి అంత బాగా కుదిరినట్లు లెక్క. డాన్ రావిచ్, బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్ అనే ముగ్గురు కళాశాల విద్యార్థులు తయారుచేసిన ఆ ఆటే "ఆరెగన్ ట్రెయిల్".

పాఠాలు ముగిశాక రావిచ్ ఆ ప్రోగ్రామును కంప్యూటరునుంచి తొలగించారు. అయితే అంతకుముందే దాదాపు 800 పంక్తులను కాగితంమీద అచ్చువేసి దాచుకున్నారు. 1974లో మినెసోటా రాష్ట్ర విద్యా కంప్యూటరు సంస్థలో చేరినప్పుడు ఆ కాగితాలు చూసి మళ్ళీ టైపు చేయబట్టే ఆట బతికింది. 1985లో ఆపిల్ టూ యంత్రానికి సరికొత్తగా రాయబట్టే అమెరికా పాఠశాలలన్నింటా వ్యాపించింది. పట్టించుకునేవారు లేక ఆగిపోయిన ఆటలు మాత్రం లెక్కలేనన్ని. బడిలో ఒక ఆట పనిచేయడం మానినప్పుడు ఎక్కువసార్లు జరిగేది ఇదే: ఆట చెడిపోదు, దాని కింది నేల కదులుతుంది.

విద్యాక్రీడను ఒక మేడలో పై అంతస్తు అనుకోవచ్చు. దాని కింద బ్రౌజరు, ఆ కింద ఆపరేటింగ్ సిస్టం, అట్టడుగున యంత్రం ఉంటాయి. పక్కగా నెట్‌వర్కు, పాఠశాల నిబంధనలు అనే రెండు గోడలు. ఏ అంతస్తులో బీట తీసిందో తెలియకుండా పైఅంతస్తుకు సున్నం కొట్టినందువల్ల ప్రయోజనం లేదు. ఆట ఆగగానే తీసివేసి మళ్ళీ ఎక్కించడం, ఎందుకైనా మంచిదని యంత్రాన్ని మొత్తం తుడిచివేయడం ఇటువంటి పనులే. ఆయుర్వేదంలో "నిదానం" అంటే రోగకారణాన్ని నిర్ణయించడం. వాడుక తెలుగులో తొందరపడకపోవడం. కంప్యూటరు వైద్యానికి రెండర్థాలూ సరిపోతాయి. ఆగింది ఒక్క పిల్లవాడికా, తరగతి మొత్తానికా? నిన్న నడిచిందా? అదే ఖాతాతో ఇంటివద్ద తెరుచుకుంటున్నదా? ఈ మూడింటికి సమాధానాలు దొరికితే వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

పాత ఆటల సంగతి ముందు చూడవలసి ఉంది. పాఠశాల గ్రంథాలయాల అలమారల్లోనూ, ఇళ్ళలో అన్నయ్యలూ అక్కయ్యలూ వాడి వదిలిన పెట్టెల్లోనూ 1990 దశకపు సీడీలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో కొన్ని నేటికీ మంచి పాఠాలే. కాని 64 బిట్ల విండోస్ 16 బిట్ల ప్రోగ్రాములను అసలు నడపదు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల సంచికే లేదు. ఇందులో ఒక తమాషా ఉన్నది. ఆనాటి ఆటలలో అనేకం 32 బిట్లవే అయినా, వాటిని యంత్రంలోకి ఎక్కించే ప్రోగ్రాము మాత్రం 16 బిట్లది. అందుచేత ఇంటిలోకి రాగలిగిన అతిథి గుమ్మందగ్గరే నిలిచిపోతాడు. అటువంటి ఆటకు కొత్త ఎక్కింపు ప్రోగ్రాము దొరుకుతుందేమో వెతకడం మొదటి ఉపాయం. దొరకకపోతే నెట్‌వర్కుతో సంబంధం లేని కృత్రిమ యంత్రంలో పాత విండోస్‌ను నడిపి, దానిలో ఆడించడం రెండవది. డాస్ కాలపు ఆటలకు "డాస్‌బాక్స్" అనే ఉచిత అనుకరణ ప్రోగ్రాము చక్కగా పనిచేస్తుంది.

ఆ కాలపు ఆటలు కొన్ని "రన్‌టైం ఎర్రర్ 200" అని చెప్పి ఆగిపోయేవి. దీని కారణం తెలుసుకోదగినది. టర్బో పాస్కల్ భాషలో రాసిన ప్రోగ్రాములు చాలావరకు మొదలవుతూనే యంత్రం వేగాన్ని కొలుచుకునేవి. గడియారం ఒకసారి టిక్కుమనే 55 మిల్లీసెకండ్లలో ఒక చిన్న ఆవృత్తి ఎన్నిమార్లు తిరిగిందో లెక్కించి, ఆ సంఖ్యను 55తో భాగించేవి. భాగఫలానికి కేటాయించిన చోటు 16 బిట్లు. అందులో 65,535ను మించిన సంఖ్య పట్టదు. 1990 దశకం చివర 200 మెగాహెర్ట్‌జ్ స్థాయి ప్రాసెసర్లు రాగానే ఆ హద్దు దాటిపోయింది. భాగఫలం పాత్రలో పట్టకపోతే ప్రాసెసరు ఇచ్చే సంకేతమూ, సున్నాతో భాగించినప్పుడు ఇచ్చే సంకేతమూ ఒకటే. కనుక "సున్నాతో భాగహారం" అన్న సందేశం తెరమీద కనిపించేది. ప్రోగ్రాములో సున్నా ఎక్కడా లేదు! యంత్రం మరీ వేగంగా ఉండటమే దోషం. డాస్‌బాక్స్‌లో కంట్రోలు మీటతో ఎఫ్11 నొక్కుతూ పోతే వేగం తగ్గుతుంది, ఆట లేచి కూర్చుంటుంది. కొత్త కంప్యూటరు కొంటే అన్నీ బాగుపడతాయన్న నమ్మకానికి ఇంతకంటే మంచి విరుగుడు లేదు.

పాత ఆటలలో ఇంకొక చిక్కు బడులకే ప్రత్యేకమైనది. సాంకేతిక నిపుణుడు వచ్చి తన పేరుతో ప్రవేశిస్తే ఆట చక్కగా నడుస్తుంది. ఆయన వెళ్ళగానే పిల్లవాడి పేరుమీద మొరాయిస్తుంది. ఆ ఆట తన మార్కుల పట్టికను తానున్న సంచిలోనే రాసుకుంటుంది. మామూలు వినియోగదారుకు ఆ సంచిలో రాసే హక్కు ఉండదు. పిల్లలందరికీ పూర్తి అధికారాలు ఇచ్చివేయడం దీనికి సులువైన మార్గం, కాని ప్రమాదకరం. ఆట ఉన్న ఆ ఒక్క సంచికి మాత్రమే రాత హక్కు ఇస్తే సరిపోతుంది.

సీడీల తరువాత బ్రౌజరు ఆటల యుగం వచ్చింది. 2000 తరువాత దాదాపు రెండు దశాబ్దాలు బడిపిల్లలు ఇంటర్నెట్టులో ఆడిన గణితం, భూగోళం, అక్షరదోషాల ఆటలలో అధికభాగం ఫ్లాష్ మీద ఆధారపడ్డవి. దానికి మద్దతు ఆపివేస్తామని అడోబీ సంస్థ 2017 జూలైలోనే ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ తనంతట తానే ఆటలను నిరోధించింది. ముందుచూపుగల సంస్థలు అప్పటికే దారి మళ్ళించుకున్నాయి. పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పే "స్క్రాచ్" 2019 జనవరిలో ఫ్లాష్‌ను విడిచి కొత్తరూపం ధరించింది. నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన "ఫెట్" సంస్థ తన విజ్ఞాన ప్రయోగాలను అనేకంగా తిరిగి రాసుకుంది. వాటిని ఒక్కొక్క ఫైలుగా దింపుకొని ఇంటర్నెట్టు లేకుండానే ఆడించవచ్చు. స్వగ్రామంలోని బడికి కంప్యూటర్లు పంపాలనుకునేవారు ఈ సౌకర్యాన్ని గుర్తుంచుకోవాలి. కొన్ని ప్రయోగాలకు తెలుగు అనువాదాలు కూడా లభిస్తున్నాయి.

తిరిగి రాసేవారు లేని ఫ్లాష్ ఆటలకు "రఫిల్" అనే ఉచిత అనుకరణ ప్రోగ్రాము ఉన్నది. పాతతరం ఫ్లాష్ ఆటలను అది చాలా బాగా నడుపుతుంది. తరువాతి తరంవాటిలో కొన్ని ఇంకా తడబడతాయి. ఫ్లాష్‌ను ఉచితంగా ఇస్తామని పిలిచే అపరిచిత స్థలాలనుంచి ఏదీ దింపుకోకూడదు. ఒక్క ఆటకోసం పాత బ్రౌజరును అట్టిపెట్టి దానిని ఇంటర్నెట్టుకు తగిలించి ఉంచడం కూడా తెలివైన పని కాదు.

ఇక నెట్‌వర్కు. ఇంటివద్ద క్షణంలో తెరుచుకునే ఆట తరగతిలో ఎందుకు నత్తనడక నడుస్తుందని తల్లిదండ్రులు ఆశ్చర్యపోతుంటారు. ఒక ఆట 50 మెగాబైట్లు అనుకుంటే, 30 మంది ఒకేసారి తెరిచినప్పుడు దిగవలసినది 1,500 మెగాబైట్లు. సెకండుకు 100 మెగాబిట్ల లైను అంటే పన్నెండున్నర మెగాబైట్లే. పాఠశాలలో మరెవరూ వాడకపోయినా రెండు నిమిషాలు పడుతుంది. అర నిమిషం చూసి ఓపిక చచ్చిన పిల్లవాడు "రీలోడు" నొక్కుతాడు. దిగింది వృథా అయి కథ మొదటికి వస్తుంది. తరగతిని నాలుగు జట్లుగా విడదీసి రెండేసి నిమిషాల తేడాతో ఆట తెరవమనడం, లేదా పాఠానికి ముందే యంత్రాలలో ఒకసారి తెరిచి ఉంచడం ఖర్చులేని చికిత్సలు.

ఆట తెరుచుకొని బొమ్మలు మాత్రం రాకపోతే అనుమానించవలసినది పాఠశాల వడపోతను. 2000 డిసెంబరులో అమెరికా చేసిన చట్టం ప్రకారం ఇంటర్నెట్టుకు ప్రభుత్వ రాయితీ పొందే బడులు అభ్యంతరకరమైన చిత్రాలను వడకట్టి తీరాలి. అయితే ఆట ఒక చిరునామాలో, దాని బొమ్మలు, శబ్దాలు ఇంకొక చిరునామాలో ఉండటం నేడు సర్వసాధారణం. పాఠశాల మొదటిదానికి అనుమతి ఇచ్చి రెండవదానిని మరచిపోతుంది. ఉపాధ్యాయుల యంత్రంలో ఎఫ్12 నొక్కి, ఏ చిరునామాలనుంచి సమాధానం రాలేదో చూసి ఆ జాబితాను సాంకేతిక విభాగానికి పంపితే పని త్వరగా జరుగుతుంది. "ఆట పనిచేయడం లేదు" అని రాసిన ఉత్తరం వారాల తరబడి బల్లమీదే ఉంటుంది. యంత్రం ఏది, సమయమెంత, తెరమీద వచ్చిన మాటలు అక్షరం పొల్లుపోకుండా ఏమిటి అని రాసిన ఉత్తరానికి ఆ గతి పట్టదు. మన కుటుంబాలలో సాఫ్టువేరు ఉద్యోగులకు కొదవ లేదు. బడికి వెళ్ళి వడపోతను తప్పించే దొంగదారులు చూపడం కన్నా, ఇటువంటి ఉత్తరం రాయడంలో ఉపాధ్యాయురాలికి సాయపడటం వారు చేయగలిగిన గొప్ప ఉపకారం.

వేసవి సెలవుల తరువాత ఏ స్థలాన్ని తెరవబోయినా "భద్రత లేదు" అని అడ్డుపడే పాత డెస్కుటాపులలో ముందుగా తేదీ చూడాలి. లోపల ఉండే నాణెమంత బ్యాటరీ అయిపోతే, ప్లగ్గు తీసి ఉంచిన యంత్రం ఏళ్ళ వెనుకకు వెళ్ళిపోతుంది. భద్రతాపత్రాలన్నీ ఇంకా పుట్టనివిగా దానికి కనిపిస్తాయి. సరిదిద్దడానికి అయ్యే ఖర్చు ఆ చిన్న బ్యాటరీ వెల మాత్రమే. శబ్దం రాకపోవడానికి కారణం ఇంకా చిన్నది: 2018 నుంచి క్రోమ్ బ్రౌజరు వినియోగదారు ఒకసారి తెరను తాకేవరకు శబ్దాన్ని సాధారణంగా అనుమతించదు. ఆట మొదలవగానే ఎక్కడైనా ఒకసారి నొక్కితే చాలు.

పిల్లలను నిజంగా బాధపెట్టేది మరొకటి. వారంరోజులు కష్టపడి ఏడవ మెట్టు ఎక్కిన పిల్ల, సోమవారం వచ్చి చూస్తే మొదటి మెట్టుమీద ఉంటుంది. అబద్ధం చెబుతున్నదని అనుకునేవారూ ఉంటారు. చాలా ఆటలు పురోగతిని ఆ యంత్రపు బ్రౌజరులోనే దాచుకుంటాయి. బండిలోంచి నేడు ఒక క్రోమ్‌బుక్కు, రేపు మరొకటి తీసుకునే తరగతిలో అది ఆమె వెంట రాదు. కొన్ని బడులలో ఖాతా మూయగానే సమస్తం చెరిగిపోయేటట్లు అమరిక కూడా ఉంటుంది. ఖాతాతో పురోగతిని భద్రపరచే ఆటలనే దీర్ఘకాల పాఠాలకు ఎంచుకోవాలి. లేనప్పుడు ప్రతి పిల్లకూ యంత్రం సంఖ్య కేటాయించి, చేరిన మెట్టును నోటుపుస్తకంలో రాయించడం మేలు. రావిచ్‌ను ఆదుకున్నదీ కాగితమే కదా!

వారాంతపు తెలుగు బడులలో ఆడించే అక్షరమాల ఆటలకు ఇవన్నీ వర్తిస్తాయి, పైగా లిపి చిక్కులు అదనం. అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే యంత్రంలో తెలుగు ఫాంటు లేదని అర్థం. ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తే అది యూనికోడుకు ముందునాటి ఆట. ఇంగ్లీషు సంకేతాల స్థానాలలో తెలుగు రూపాలను కూర్చిన ఆనాటి ఫాంటు దొరికితేగాని చదవడం కుదరదు. గుడింతం అక్షరంనుంచి విడివడి చుక్కల వలయంతో, వత్తు పక్కకు జరిగి కనిపిస్తే దోషం ఆటను తయారుచేసిన ఇంజనుది. తెలుగు సంయుక్తాక్షరాలను కూర్చే శక్తి దానికి లేదు. ఇది పిల్లవాడి యంత్రంలో సరిచేయగలిగినది కాదు, తయారీదారుకు తెలపవలసినది. మహామహులకూ ఈ చిక్కు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క అక్షరం సందేశంలో వస్తే ఐఫోనులోని ప్రోగ్రాములు కూలిపోయాయి. ఆపిల్ సంస్థ 11.2.6 సంచికను విడుదల చేసి దానిని సరిదిద్దవలసి వచ్చింది. అందుచేత ఏ తెలుగు ఆటనైనా పిల్లల చేతికి ఇచ్చేముందు, తరగతిలో వాడబోయే యంత్రంమీదనే జ్ఞానం, క్షీరం, స్త్రీ, రాష్ట్రం, కృష్ణుడు అన్న అయిదు మాటలు ఎలా కనిపిస్తున్నాయో పెద్దవారొకరు ఒకసారి చూసుకోవాలి.