ఒకే పండు... ఎన్ని రుచులో!

బొర్రా గుహల చల్లదనంలోంచి మెట్లెక్కి బయటికొచ్చినవాళ్లకి ముందు గుర్తొచ్చేది వేడి వేడి కాఫీనే. దారి పక్కన బొంగులో చికెన్ పొగలు, వాటి పక్కనే కాఫీ పొడి, మిరియాల పొట్లాలు పేర్చిన దుకాణాలు. చాలామంది ఓ గుక్క తాగి, ఓ పొట్లం కొని బండెక్కేస్తారు. కానీ ఈ కొండల కాఫీని తీరిగ్గా కూర్చుని, రకరకాలుగా రుచి చూడాలంటే అనంతగిరి, గాలికొండల మలుపులు దాటి అరకులోయ చేరాలి. అక్కడి కాఫీ మ్యూజియం అందుకు తగిన చోటు.

లోపల కాఫీ కథ చెప్పే బొమ్మలు, ఫలకాలు ఉంటాయి. కాఫీ చాక్లెట్ల దగ్గర పిల్లలు మూగుతారు. అసలు సందడి మాత్రం కప్పుల దగ్గరే. ఫిల్టర్ కాఫీ తప్ప మరొకటి ఎరగని పెద్దలు కూడా ఇక్కడ పాలు లేని కాఫీ అడిగి చూడాలి. చక్కెర వేయకుండా మొదటి గుక్క తాగితే ముందు కాస్త పులుపు తగులుతుంది, ఆ వెనకే సన్నటి తీపి. ఇక్కడ పండే అరబికా రకం గుణమే అది. పాలు, పంచదార కలిపితే ఆ తేడా దాదాపు అణిగిపోతుంది.

ఇన్ని రుచులు ఎలా వస్తాయి? చెట్టు మాత్రమే కాదు, పండు కోశాక చేసే పని కూడా రుచిని మారుస్తుంది. ఎర్రగా పండిన కాయల తోలు తీసి, గింజకు అంటుకున్న జిగురును పులియబెట్టి, కడిగి ఎండబెడితే కాఫీ తేటగా, చురుగ్గా ఉంటుంది. జిగురు ఉండగానే ఎండబెడితే తీపి పెరుగుతుంది. పండును పండులాగే ఎండబెడితే పళ్ల వాసన నిలుస్తుంది. ఇవన్నీ ఓపికతో కూడిన పనులు. గుత్తిలోని పండ్లన్నీ ఒకేసారి పండవు కాబట్టి ఒక్కో చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి ఎర్రవి మాత్రమే ఏరాలి. పచ్చికాయలు నాలుగు కలిసినా కప్పు చెడుతుంది. అయిదారు కిలోల పండ్లు కోస్తే కిలో గింజలు దక్కుతాయి.

ఈ పంటకు ఇక్కడ నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. 1898లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో బ్రిటిష్‌వాళ్లు కాఫీ నాటారు. తర్వాత అది అరకు వైపు పాకింది. ఇప్పుడు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి అల్లుకున్న మిరియాల తీగల మధ్య కాఫీ పెంచుతున్నది ఎక్కువగా చిన్న కమతాల గిరిజన రైతులే. నీడ చెట్టు నేలను కాపాడుతుంది, మిరియాలు రెండో ఆదాయం తెస్తాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వాళ్ల దగ్గర గింజలు కొంటోంది.

నాంది ఫౌండేషన్ అనే సంస్థ చొరవతో పుట్టిన ‘అరకు’ బ్రాండ్ కెఫే 2017లో పారిస్‌లో తలుపులు తెరిచింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పారిస్ బల్ల మీద ఈ కాఫీకి దక్కిన మర్యాద మన ఇళ్లలోనూ దక్కాలి. మనం ఏళ్లుగా తాగుతున్న ఫిల్టర్ పొడుల్లో చాలావాటిలో చికోరీ కలుస్తుంది. నిబంధనల ప్రకారం ఆ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు. అంత కలిపితే అరకు గింజ రుచి ఏం తెలుస్తుంది?

తోటలు చూడాలనుకునేవాళ్లు నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్తే పండ్ల కోత కనిపిస్తుంది. వేసవి తొలి జల్లులు పడ్డాక వెళ్తే కొమ్మ నిండా తెల్లటి పూలు, మల్లెల్ని తలపించే పరిమళం. తోటలోకి వెళ్లేముందు రైతును అడగండి, కాయలు తెంపకండి. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చికోరీ శాతం చూడండి. గింజలు దొరికితే అవే కొని, తాగే ముందే పొడి చేసుకోండి.