రైఫిలు తన్నినా చెదరని గురి

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం పడమటి అడవుల్లో వేట రోజులంటే చాలామటుకు వాన రోజులే. 1940లలో మార్కస్ లియుపోల్డ్ అక్కడ ఒక జింకకు గురిపెట్టాడు. సరిగ్గా అప్పుడే రైఫిలు మీద బిగించిన స్కోపు (గురి చూసే దుర్బిణి) లోపల ఆవిరి పట్టింది, జింక తప్పించుకుపోయింది. ఆయన కుటుంబ సంస్థ సర్వే పరికరాలు, నీటిమట్టాన్ని నమోదుచేసే యంత్రాలు తయారుచేసేది. తడి చొరని పెట్టె కట్టడం వాళ్లకు చేతనైన పనే. 1947లో వాళ్ల తొలి స్కోపు బజారుకొచ్చింది. గొట్టంలోని తేమగాలిని తోసేసి, పొడి నైట్రోజన్ నింపి, రబ్బరు రింగులతో మూసే పద్ధతి ఆ సంస్థ చేతుల మీదుగానే పేరుకెక్కింది. అద్దానికి బయట పట్టిన ఆవిరిని గుడ్డతో తుడిచేయొచ్చు. లోపల పడితే ఇక ఆ రోజుకు వేట ముగిసినట్టే.

తేమకంటే పెద్ద శత్రువు రైఫిలే.

జింకల వేటకు బాగా వాడే .30-06 రైఫిలు సుమారు 11.7 గ్రాముల తూటాను సెకనుకు 820 మీటర్ల వేగంతో వదులుతుంది. నాలుగు కిలోల రైఫిలు ఆ తూటా ఒక్కదాని వల్లనే సెకనుకు 2.4 మీటర్ల వేగంతో వెనక్కి తన్నుతుంది. తూటా రైఫిలు గొట్టం దాటడానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు. లెక్క కడితే ఆ త్రుటిలో స్కోపు మీద పడే త్వరణం గురుత్వాకర్షణకు దాదాపు 240 రెట్లు! 400 గ్రాముల స్కోపును పట్టి ఉంచే చిన్న మరలు ఆ క్షణాన క్వింటాలు బరువు మోస్తున్నట్టే. ఎక్కువ దూరం చూపిస్తుందని రెట్టింపు బరువున్న స్కోపు కొంటే ఆ భారమూ రెట్టింపవుతుంది. పొదల మధ్య వేటాడేవారికి దాంతో పనే లేదు.

ఇంత దెబ్బలోనూ లోపలి అమరిక ఎంత కదలకుండా ఉండాలో చూడండి. గురి సర్దే మరను ఒక క్లిక్కు తిప్పితే వంద మీటర్ల దూరంలో తూటా సుమారు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. అందుకోసం లోపలి సన్న గొట్టం కదిలేది మిల్లీమీటరులో నూరో వంతు మాత్రమే. దాన్ని మరకు ఆనించి ఉంచేది ఒక స్ప్రింగు. చౌక స్కోపుల్లో ముందుగా అలిసిపోయేది అదే. అద్దాలు మెరుస్తూనే ఉంటాయి, గురి మాత్రం తప్పుతుంది. అందుకే మంచి తయారీదారులు స్కోపును యంత్రానికి బిగించి వేలసార్లు కుదుపుతారు.

స్ప్రింగుతో పనిచేసే ఎయిర్‌గన్‌ది మరో తీరు. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది. పిస్టన్ ఆగగానే ముందుకు కుదుపుతుంది. పెద్ద రైఫిలు దెబ్బకు నిలిచిన స్కోపులు కొన్ని ఈ ఎదురు కుదుపుకు పాడవుతాయి. మన దేశంలో వన్యప్రాణుల వేట నేరం. కానీ బోర్డు మీద గురి సాధన కోసం ఎయిర్‌గన్‌కు స్కోపు బిగించుకునేవారికి ఈ సంగతి తప్పక తెలియాలి.

కొన్నాక చేయదగ్గ పరీక్ష ఒకటుంది. బోర్డు మీద ఒకే చుక్కకు గురిపెట్టి కాల్చి, గురి సర్దే మరలను 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుతూ ప్రతిసారీ ఆ చుక్కకే గురిపెట్టి కాల్చాలి. చివరి తూటా మొదటిదాని పక్కనే పడాలి. నీటిలో ముంచినా ఫరవాలేదని తయారీదారు చెప్పిన స్కోపైతే గోరువెచ్చని నీటిలోనూ కాసేపు ఉంచి చూడొచ్చు. మరల సందుల్లో చిక్కిన గాలి ఒకటి రెండు బుడగలై పైకొస్తుంది. ఒకేచోటి నుంచి బుడగలు ఆగకుండా వస్తుంటే సీలు కారుతోందన్నమాట, దాన్ని దుకాణానికి తిప్పి పంపాల్సిందే.