అటకమీది రాట్నం

"బొంబాయిలో చలెక్కడిదే? స్వెట్టరు అల్లి ఎవరికి తొడుగుతావు?" అని మా అమ్మమ్మ మా ఇంటావిడను ఏటా ఎగతాళి చేసేది. అయినా డిసెంబరు రాగానే మా నాగ్‌పాడా చాలు వరండాలో ఊలు ఉండలు దొర్లవలసిందే. పిల్లల టోపీలు, మేజోళ్ళు, అంతకు మించి మన చలికి అక్కరలేదు.

అమ్మమ్మ దృష్టి అంతా రాట్నంమీదనే. ఆమె పోయిన తరువాత అది అటకెక్కింది. మొన్న సెలవుపెట్టి శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్ళినప్పుడు గాని దాని విలువ మాకు తెలియలేదు. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ పళ్ళంత సన్నని దువ్వెన ఏ బజారులోనూ దొరకదు! గింజ తీసి, చిన్న వింటితో ఏకి, ఏకులను ఎండిన అరటిపట్టలో దాచుకుంటారు. 24 ఆకుల రాట్నం, ఒకే కదురు. దానిమీద నూరో నంబరు నూలు తీస్తారు. అంటే పౌను నూలుకు 840 గజాల చిలపలు నూరన్నమాట. గుమాస్తా బుద్ధి, వెంటనే లెక్కకట్టాము: 84,000 గజాలు!

ఇంటికి రాగానే రాట్నం దించాము. మాలతాడు చివికిపోయింది. వడకడం మాలో ఒక్కరికీ రాదు. అమ్మమ్మ నేర్పుతానంటే తీరిక లేదన్నవాళ్ళమే. చివరకు పైఅంతస్తు పెద్దమ్మగారు కూర్చున్నారు. ఆమెకు చూపు ఆనదు. వేళ్ళతోనే పోగు లాగుతూ, "వానాకాలం రాకముందే నేర్చుకోండమ్మా, ఏకు చెమ్మగిలితే సాగదు" అన్నారు.

ఆదివారంనుంచి మా అమ్మాయి వెళుతున్నది. పోగు మూరెడైనా సాగకముందే తెగుతున్నది. పెద్దమ్మగారు అతుకుతున్నారు.