ఒక్కరుగా కాదు, పదిమందిగా బరువు తగ్గుదాం

తిరువళ్లూరు, తిరుత్తణి పక్క మన తెలుగు ఇళ్లలో నలుగురు కూర్చుంటే చాలు, షుగర్ మాట రాకుండా పోదు. 1960లో తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రంలో కలిసిన నాటి పెద్దలు సంగటి తిని పొద్దుగూకేదాకా చేను పని చేసేవారు. వాళ్ల మనవలు రైలెక్కి చెన్నై వెళ్లి, రోజంతా కుర్చీలో కూర్చుని వస్తున్నారు. పని తగ్గింది, తెల్లన్నం పెరిగింది. దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే అంచనా వేసింది.

అంచున ఉన్నవాళ్లకు ఒక అవకాశం ఉంది. కొద్దిగా బరువు తగ్గితే చాలామందిలో జబ్బును ఆపవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. చిక్కంతా ఆ కొద్దిగా తగ్గడంలోనే వస్తోంది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ తెలుగువాళ్లలో బాగా ప్రచారమైంది. అన్నం, టిఫిన్లు మానేసి కొవ్వు మీద ఆధారపడే పద్ధతి అది. దాని మంచిచెడ్డల మీద డాక్టర్ల మధ్య వాదన నడిచింది. డైట్ ఏదైనా సరే, ఇంట్లో ఒక్కరే మొదలుపెడితే మొదటి పండగకో, మొదటి పెళ్లి భోజనానికో ఆగిపోవడం మనం చూస్తున్నదే.

చెన్నైలో ఏం చేశారు?

మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయం కలిసి చెన్నైలో 'డి-క్లిప్' అనే కార్యక్రమం నడిపాయి. అధిక బరువుతో, షుగర్ అంచున ఉన్న 578 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు సలహాలు ఇచ్చారు. రెండో భాగాన్ని గుంపులుగా కూర్చోబెట్టి, మొదటి నాలుగు నెలలు వారం వారం తరగతులు పెట్టారు. శరీర బరువులో 7 శాతం తగ్గాలి, వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలి అన్నవి లక్ష్యాలు. అవసరమైనవారికి మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా ఇచ్చారు. చాలామందికి అది అవసరమైంది. ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మూడేళ్లలో మామూలు సలహాలు పొందినవారిలో నూటికి 35 మందికి షుగర్ వస్తే, గుంపులో ఉన్నవారిలో నూటికి 26 మందికి వచ్చింది.

మనం ఎలా మొదలుపెట్టాలి?

ఒక వీధిలోనో, బంధువుల్లోనో ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. వారంలో ఒక రోజు, ఒకే వేళ, ఒకే మిషన్ మీద బరువు చూసుకోవాలి. నడుము కొలత కూడా రాయాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి. 75 కిలోలున్నవారికి 7 శాతం అంటే అయిదు కిలోల పైచిలుకు. ఆరు నెలల్లో అది తగ్గితే చాలు.

తిన్నది నోట్‌బుక్‌లో రాయాలి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బడికెళ్లిన మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు కానీ రాయలేరు. అవ్వ చెబితే మనవరాలు తమిళంలో రాసినా ఫరవాలేదు. లెక్క ఉండాలి, అంతే.

కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు అన్నమో సంగటో. పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప. రాగి మంచిదని సంగటి ముద్ద పెంచకూడదు, అదీ పిండి పదార్థమే. అందరూ తిన్నాక మిగిలింది పారేయలేక తినేది ఇంటి ఆడవాళ్లే. ఆ ముద్ద కూడా లెక్కలోకి రావాలి. వండే పూటే కొలిచి వండితే ఆ బాధ ఉండదు. అందుకే మగవాళ్లు కూడా గుంపులో ఉండాలి. కంచంలో రెండో వడ్డన వద్దనాల్సింది వాళ్లే.

వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట చురుగ్గా నడవాలి. మోకాళ్లు బాగుంటే తిరుత్తణి కొండకు వెళ్లినప్పుడు 365 మెట్లూ ఎక్కవచ్చు.

జాగ్రత్తలు

ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా తిండి తగ్గించకూడదు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. గర్భిణులు, మూత్రపిండాల జబ్బున్నవారు కూడా ముందు డాక్టరును కలవాలి. 2021లో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద బీపీ, షుగర్ చూడటానికి ఇంటికి వచ్చే కార్యకర్తకు మీ గుంపు సంగతి చెప్పండి. పొడి డబ్బా కొనమని, ఇంకో ఇద్దరిని చేర్చమని అడిగేది వ్యాపారం. దానికి దూరంగా ఉండండి.

ఒక వారం బరువు పెరిగితే ఎవరినీ ఎగతాళి చేయకూడదు. సిగ్గుపడినవారు మరుసటి వారం రారు, రానివారు తగ్గరు. రాకపోతే ఇంటికి వెళ్లి పిలవండి. పదిమంది ఉన్నది అందుకే.