కోపమునకు నెలవెచ్చట?

కోపమునకు మన తెలుగువారు అనేక స్థానములు చెప్పియున్నారు. కొందఱికి అది ముక్కుమీదనే యుండును. కొందఱికి ఒళ్ళు మండును, కడుపు రగులును, కన్నులెఱ్ఱబడును. ఈ పలుకుబడులలో అబద్ధమేమియు లేదు. గుండె వేగము హెచ్చుట, నెత్తురు మొగమునకు ప్రాకుట, పిడికిలి బిగియుట మనమందఱము ఎఱిగినదే. కాని వీనిలో ఏ అవయవమును తనంతట తాను కోపింపదు. ఆజ్ఞ పైనుండి రావలెను. ఆ ఆజ్ఞ మెదడులో ఎచ్చటినుండి వెలువడుచున్నదో కనుగొనుటకు శాస్త్రజ్ఞులు ఇంచుమించుగా నూఱేండ్లనుండి పాటుపడుచున్నారు.

ఈ పరిశోధనకు మొదట లోబడినది పిల్లి. అమెరికాలో ఫిలిప్ బార్డ్ అను శాస్త్రజ్ఞుడు 1928లో ఒక విచిత్రమును వెల్లడించెను. మెదడునకు పైపొరగా నుండు వల్కలమును తొలగించినను పిల్లి కోపము మానలేదు సరికదా, కొంచెము తాకినంతనే వీపు విల్లువలె వంచి, రోమములు నిక్కించి, గోళ్ళు సాచి బుసకొట్టెను. అయితే ఆ కోపమునకు గుఱి లేదు. కారణము తొలగగానే చల్లారును. అందుచే దానికి మిథ్యాక్రోధమను పేరు వచ్చినది. మెదడు అడుగుభాగమున హైపోథలామస్ అను చిన్న ముద్ద యున్నది. మనుష్యులలో దాని బరువు నాలుగు గ్రాములు మాత్రమే. పిల్లిలో దాని వెనుకభాగమును గూడ తొలగించినప్పుడే ఆ క్రోధము మాయమయ్యెను. జ్యూరిక్ నగరమున వాల్టర్ హెస్ మెలకువగా నున్న పిల్లుల మెదడులో ఆ ప్రాంతమునకే సన్నని తీగెలు చొప్పించి స్వల్పముగా విద్యుత్తు పంపగా, నిమ్మళముగా కూర్చున్న పిల్లి కుక్కను చూచినట్లు గుఱ్ఱుమని పంజా విసరెను. మెదడు అంతర్భాగముల విధులను వెల్లడించినందులకు 1949లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

1960 దశకమున యేల్ విశ్వవిద్యాలయమున జాన్ ఫ్లిన్ మఱియొక మర్మము తెలిపెను. తీగెను అదే భాగమున కొంచెము ప్రక్కకు జరిపినచో పిల్లి బుసకొట్టదు, రోమములు నిక్కింపదు. చప్పుడు చేయక నడచివెళ్ళి ఎలుకను మెడ పట్టి కొఱుకును. మొదటిది కోపము, రెండవది వేట. రెండింటను దెబ్బ తగులుటయే గాని, మెదడులో త్రోవలు వేఱు. పొలముగట్టు తగవులో చేతికందిన కఱ్ఱ యెత్తువాడును, నెలలతరబడి పన్నాగము పన్ని మాటువేయువాడును ఒక్కటి కారని మనకును తెలియును. అయినను మనుష్యులయందు ఈ విభజన పిల్లులయందు వలె అంత స్పష్టముగా నుండదని చెప్పక తప్పదు.

హైపోథలామస్ స్వతంత్రమైనది కాదు. కణతలకు లోపలివైపున, బాదంగింజ ఆకారమున, ఇరుప్రక్కల అమిగ్డలా అను రెండు ముద్దలున్నవి. ఎదుటివాని ముఖవైఖరిలో, గొంతులో ప్రమాదమేమైన గలదా యని తూచి చెప్పునవి ఇవియే. 1930 దశకమున షికాగోలో క్లూవర్, బ్యూసీ అనువారు కోతుల మెదడులో కణతల ప్రాంతమును ఇరువైపుల తొలగింపగా, అంతకుముందు దగ్గఱకు రానీయని ఉగ్రజంతువులు సాధువులైనవి. కోపముతోబాటు భయమును పోయినది. పామును చూచి పరుగిడవలసిన కోతి దానిని పరిశీలించుటకై దగ్గఱకు పోయెను. ఇట్టి సాధుత్వము అడవిలో ఎన్నాళ్ళు బ్రతుకనిచ్చునో మీరే ఊహింపవచ్చును.

ఇక పగ్గము నుదుటి వెనుక నున్నది. లలాటఖండము అమిగ్డలా మాటను విని, 'తొందరపడకుము, అతడు పరిహాసమునకన్నాడు' అని సర్దిచెప్పును. ఈ భాగము ఇరువదియేండ్లు దాటువఱకు పూర్తిగా పరిపక్వము కాదు. కుఱ్ఱవాండ్ర దుడుకుతనమునకు ఇది యొక కారణము. మద్యము మొదట సడలించునదియు ఈ పగ్గమునే. కల్లుపాకల కలహములకు వేఱు వ్యాఖ్యానము అక్కఱలేదు.

ఈ జ్ఞానము న్యాయమునకు చిక్కు తెచ్చినది. 1966 ఆగస్టు 1వ తేదీన అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున చార్లెస్ విట్మన్ అను యువకుడు గోపురమెక్కి తుపాకితో అనేకులను చంపెను. అంతకుముందే తల్లిని, భార్యను చంపియుండెను. తన మనస్సునకేమో అయినదనియు, మరణానంతరము తన శవమును పరీక్షింపవలెననియు అతడు వ్రాసిపెట్టెను. పరీక్షింపగా మెదడులో ఒక కంతి కనబడినది. ఆ కంతియే హత్యలకు కారణమా? విచారణసంఘము దానికి పాత్ర ఉండవచ్చునని మాత్రము చెప్పి, నిశ్చయింపలేక పోయెను. అట్టి కంతులున్న రోగులలో అత్యధికులు ఎవ్వరిని చంపరు. ఆ సంఘము సందేహమునకు తావిచ్చుటయే మేలైనదని నా అభిప్రాయము.

త్రోవలెట్లున్నను, వానిలో వార్తలు మోయునవి రసాయనములు. వానిలో ముఖ్యమైనది సెరోటోనిన్. శరీరములోని సెరోటోనిన్‌లో అధికభాగము ప్రేవులలోనే యున్నది. కడుపుమంట యను మాటకు ఇదియే సాక్ష్యమని సంతోషింపరాదు. ప్రేవులలోనిది మెదడులోనికి చొరదు. ఆలోచింపక దౌర్జన్యమునకు దిగువారి వెన్నెముక ద్రవమున సెరోటోనిన్ అవశేషము తక్కువగా నుండుట 1970 దశకమునుండి పలువురు గమనించిరి. ఇది పన్నాగమునకు గాక తొందరపాటునకే ఎక్కువగా సంబంధించినది.

ఈ కథలో మన సర్పగంధకు గూడ చోటున్నది. ఉన్మాదమును, రక్తపుపోటును ఈ మూలిక తగ్గించునని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండున దానినుండి రిసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. అది ఉద్రేకమును అణచును. కాని విచిత్రమేమన, అది మెదడులోని సెరోటోనిన్‌ను పెంచదు, ఖాళీ చేయును! సెరోటోనిన్ తగ్గినచో కోపము పెరుగవలెను గదా యని మీరడుగవచ్చును. రిసర్పిన్ దానితోబాటు నోరెడ్రినలిన్, డోపమిన్‌లను గూడ ఖాళీ చేయును. మనుష్యుడు శాంతించుట నిగ్రహము కుదిరినందున గాదు, సర్వము మందగించినందున. కోపమును ఒక్క రసాయనపు కొలతతో తూచుట ఎంత కష్టమో దీనివలన తెలియును.

1993లో హాలండు దేశపు ఒక కుటుంబమున కొందఱు పురుషులకు ఈ రసాయనములను విఱుగగొట్టు ఎం.ఏ.ఓ.-ఏ అను ఎంజైము పుట్టుకతోనే లేదని కనుగొనిరి. వారు చీటికిమాటికి దౌర్జన్యము చేయువారు. అట్టి లోపము మిక్కిలి అరుదు. ఆ ఎంజైము మందకొడిగా తయారగువారు మాత్రము లోకమున చాలమంది యున్నారు. న్యూజీలాండులోని డునెడిన్ నగరమున పుట్టుకనుండి కనిపెట్టిచూచిన పిల్లలపై 2002లో ప్రకటించిన పరిశోధనలో, అట్టి మగపిల్లలలో చిన్ననాట దెబ్బలు, హింస అనుభవించినవారే పెద్దయి దౌర్జన్యమునకు ఎక్కువగా దిగిరి. ఆదరణతో పెరిగినవారిలో ఆ తేడా కనబడలేదు. తరువాతి పరిశోధనలన్నియు దీనిని ఒక్కతీరుగా బలపఱుపలేదు.

మెదడులో కోపమునకు నెలవు తెలిసినచో దానిని కోసివేయరాదా? ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. జపానులో నరబయాషి చేసిన మార్గమున, 1960 దశకమున మద్రాసులో వి. బాలసుబ్రమణ్యం, బి. రామమూర్తి మొదలగు శస్త్రవైద్యులు పట్టరాని ఉద్రేకముగల రోగులకు అమిగ్డలాలో కొద్దిభాగమును నశింపజేయు చికిత్స చేసిరి. రోగులలో పిల్లలును కలరు. కన్నబిడ్డను ఇంటిలో కట్టివేసి కాపాడుకొనవలసివచ్చిన తల్లిదండ్రులకు అది ఎంతటి ఆశయో ఊహింపవచ్చును. కాని శాంతించినది రోగి కొఱకా, ఇంటివారి కొఱకా? ఆ కత్తికి తలవంచిన పిల్లవానిని ఎవరైన అడిగిరా? 2017 నాటి మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము మానసిక వ్యాధికి మెదడుపై శస్త్రచికిత్స చేయవలెనన్న, రోగి స్వయముగా తెలిసి యిచ్చిన సమ్మతియు, సంబంధిత మండలి అనుమతియు రెండును ఉండితీరవలెను.