ప్లస్ బిట్టు చక్కులో దూరినంత మాత్రాన...

నల్గొండలో ఇల్లు కడుతున్న ఏ సందులోకి వెళ్లినా ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది: "ప్లస్ బిట్టయితే ఏందన్నా, మామూలు డ్రిల్ మిషన్‌కే పెట్టు. చక్కు గట్టిగ బిగిస్తే అదే కొడ్తది." ఈ మాట నమ్మినవాళ్ల బాత్రూముల్లో గీజర్లు ఒక పక్కకు ఒరిగి వేలాడుతున్నాయి.

హ్యామర్ మిషన్ కోసం చేసిన ప్లస్ బిట్టు షాంక్, అంటే మిషన్‌లోకి దూరే కాడ, 10 మిల్లీమీటర్లు. మామూలు మిషన్ చక్కు 13 వరకు పడుతుంది, కాబట్టి దూరుతుంది. దూరడం వేరు, కూర్చోవడం వేరు. షాంక్‌ను వెలుతురులో తిప్పి చూడండి. రెండు గాడులు చివరిదాకా తెరుచుకుని ఉంటాయి. వాటి మధ్య ఇంకో రెండు, కొసలు మూసుకుపోయి ఉంటాయి. తెరిచినవి బిట్టును తిప్పడానికి. మూసినవాటిని హ్యామర్ మిషన్ హోల్డర్‌లోని గోలీలు పట్టుకుంటాయి, బిట్టు ఎగిరి బయటపడకుండా. ఈ నాలుగు గాడుల మీద చక్కు మూడు దవడలు సమంగా ఎలా కూర్చుంటాయి? ఒకటి గాడిలోకి దిగుతుంది, బిట్టు వంకరగా తిరుగుతుంది, హోల్ వెడల్పవుతుంది, అందులో రావల్ ప్లగ్గు వదులుగా ఆడుతుంది.

అసలు దెబ్బ సంగతి ఇంకా ఉంది. హ్యామర్ మిషన్‌లో బిట్టు బిగుసుకుని ఉండదు, ముందుకూ వెనక్కూ కొంచెం జరుగుతుంది. లోపల పిస్టన్ నెట్టే గాలితో సుత్తి వచ్చి షాంక్ వెనక కొడుతుంది. మామూలు ఇంపాక్ట్ డ్రిల్‌లో ఆ సుత్తే లేదు. రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి గరగరలాడి చక్కునంతా అదిలిస్తాయి. ఇటికకు అది చాలు. మన స్లాబుల్లో, బీముల్లో పడేది గ్రానైట్ కంకర. దాని మీద ఆ అదురుడు బిట్టు కొసను కాలుస్తుందే తప్ప రాయిని పగలగొట్టదు. అప్పుడు మనిషి ఒళ్లంతా మోపి నొక్కుతాడు, బిట్టు ఇరుక్కుంటుంది, మిషన్ మణికట్టును మెలిపెడుతుంది.

ఒకటి ఒప్పుకోక తప్పదు. ప్లాస్టరులోనో మెత్తటి ఇటికలోనో, ఫొటో తగిలించే మేకు కోసం, హ్యామర్ బందు పెట్టి కొడితే హోల్ పడుతుంది. ఆ ఒక్క హోల్ చూసే ఈ వదంతి ఊరంతా తిరుగుతోంది.

గుండ్రటి షాంక్‌కు గ్రైండర్‌తో గాడులు కోసి ప్లస్ చేసుకునే ఇంజనీర్లూ ఉన్నారు. హోల్డర్ ఖరీదు వాళ్లకు తర్వాత తెలుస్తుంది. బాష్ బిట్టు బాష్ మిషన్‌కే అన్నది వట్టి మాట: 1970లలో ఆ కంపెనీ తెచ్చిన పద్ధతినే ఇప్పుడు మిగతా కంపెనీలూ వాడుతున్నాయి. బిట్టు మీద 12×160 అని ఉంటే అది షాంక్ కొలత కాదు, హోల్ వెడల్పూ బిట్టు పొడవూ. 6 బిట్టుకైనా 16 బిట్టుకైనా ప్లస్ షాంక్ 10 మిల్లీమీటర్లే.

షాంక్ 18 మిల్లీమీటర్ల లావు, తెరిచిన గాడులు మూడు ఉంటే అది మ్యాక్స్ అనే ఇంకో రకం. ప్లస్ మిషన్‌లో దూరనే దూరదు, అందుకే దాని మీద వదంతులు తక్కువ. ఏ గాడీ లేని గుండ్రటిదీ, మూడు పక్కల చదును చేసినదీ చక్కువి. ఆరు పలకల సన్న షాంక్ స్క్రూలు బిగించే మిషన్‌ది, అదే లావుగా ఉంటే బ్రేకర్ ఉలి.

షాపుకు నంబరు రాసుకుని పోకండి, పాత బిట్టే పట్టుకెళ్లండి. కొత్తదాని షాంక్ తుడిచి చుక్క గ్రీజు రాసి, హోల్డర్‌లోకి నొక్కుతూ తిప్పండి. టక్కుమన్నాక వెనక్కి లాగి చూడండి. ఊడి రాకుండా ఒక సెంటీమీటరు ఆడితే కంగారుపడి బిగించే దారి వెతకొద్దు, అది అలాగే ఆడాలి.