ఆరోగ్యశ్రీ కార్డు, ప్లాస్టిక్ గొట్టం: రెండు సందేహాలు

మొన్న జుమా నమాజు అనంతరం ఒక యువకుడు నా చెంతకు వచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు మా మదరసా విద్యార్థి. అతని తండ్రిగారికి మూత్రపిండాలు చెడి, ఆరోగ్యశ్రీ కింద వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. “ఉస్తాద్! ఈ కార్డు కూడా బీమాయే కదా, ధర్మసమ్మతమేనా? పైగా డయాలసిస్ గొట్టాలలో విషరసాయనం ఉందని ఫోనులో చూశాము. అబ్బాజాన్ ఇక వెళ్ళనంటున్నారు” అన్నాడు. ఎన్నో కుటుంబాలకు కలిగే సందేహాలివి.

వాణిజ్య బీమాపై ఉలమాల అభ్యంతరం అందులోని వడ్డీ, అనిశ్చితి, జూదపు ఛాయల గురించి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీలో పేద కుటుంబం ప్రీమియం చెల్లించదు. ఖర్చును ప్రభుత్వ ఖజానా భరిస్తుంది. కనుక లబ్ధిదారుని వైపు నుండి ఇది బేరం కాదు, సహాయం. అర్హులు స్వీకరించటంలో దోషం లేదు. అబద్ధపు ఆదాయపత్రంతో పొందటం మాత్రం మరో పేదవాని హక్కును కాజేయటమే.

ఇక రెండవ సందేహం. అది పూర్తిగా పుకారు కాదు. పీవీసీ అనే ప్లాస్టిక్ స్వతహాగా గట్టిది. దానిని మెత్తబరచటానికి డీఈహెచ్‌పీ అనే థాలేట్ రసాయనాన్ని కలుపుతారు. రక్తపు సంచులు, సెలైన్ గొట్టాలు, డయాలసిస్ గొట్టాలలో దీనిని విరివిగా వాడుతూ వచ్చారు. ఇది ప్లాస్టిక్‌తో గట్టిగా బంధింపబడి ఉండదు. రక్తంలోకి, కొవ్వు కలిసిన ద్రవాలలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. జంతువులపై జరిపిన పరిశోధనలలో మగపిల్లల పునరుత్పత్తి అవయవాల ఎదుగుదలకు ఇది హాని చేస్తుందని తేలింది. అందుకే 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మగశిశువులు, మగబిడ్డను మోస్తున్న గర్భిణులు, యుక్తవయసుకు వస్తున్న బాలుర విషయంలో వీలైనచోట ప్రత్యామ్నాయాలు వాడమని సూచించింది. అయితే అవసరమైన చికిత్సను ఈ భయంతో మానవద్దని కూడా ఆ సంస్థే స్పష్టం చేసింది.

ప్రాణరక్షణ, సంతానరక్షణ రెండూ షరీఅత్ పరమలక్ష్యాలలోనివే. రెండు హానులు ఎదురైనప్పుడు చిన్నదానిని సహించి పెద్దదానిని తప్పించాలన్నది ఫిఖ్హ్ సూత్రం. డయాలసిస్ మానితే మరణం అతి సమీపం. గొట్టం వల్ల కలుగగల కీడు దూరపు అనుమానం. కనుక చికిత్స మానటం తవక్కుల్ కాదు, అమానత్ అయిన దేహాన్ని చేజేతులా నాశనం చేసుకోవటం.

అలాగని మౌనం వహించటమూ తగదు. ఆరోగ్యశ్రీలో ఆసుపత్రికి ఒక్కో చికిత్సకు నిర్ణీత మొత్తం ముడుతుంది. ఏ గొట్టం వాడాలో పేదరోగి ఎంచుకోలేడు. ఐరోపా సమాఖ్య 2017 నిబంధనల ప్రకారం శరీరంలోకి చొచ్చే పరికరాలలో ఇలాంటి థాలేట్ 0.1 శాతం మించితే ఉత్పత్తిదారుడు కారణం చూపాలి, పరికరంపై ఆ విషయం ముద్రించాలి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. డబ్బు చెల్లించేది ఖజానా కనుక, సురక్షితమైన వస్తువును కోరే బాధ్యతా దానిదే. ఆ మాట ప్రజాప్రతినిధులకు వినిపించటం మన బాధ్యత. ఇంట్లో నెలలు నిండని శిశువు చికిత్సలో ఉంటే, డీఈహెచ్‌పీ లేని గొట్టాలు లభిస్తాయా అని వైద్యుణ్ణి మర్యాదగా అడగండి.

ఆ యువకునితో ఒకటే చెప్పాను: “బేటా! రేపు అబ్బాజాన్‌ను నీవే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళు. ప్రశ్న మనం అడుగుదాం, చికిత్స మాత్రం ఆగకూడదు.” అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.